అరకు సంతలో ఒక డొప్ప పుట్టగొడుగులు

పోయిన ఏడాది మార్చి నెలాఖర్లో, మా మేడమీద గదిలో పుట్టగొడుగులు పెంచుదామని ఆరు సంచులు వేలాడదీశాను. నాలుగింటికి పచ్చ బూజు పట్టింది. మిగతా రెండింట్లో కాసినవి ఒక పూట కూరకి బొటాబొటిగా సరిపోయాయి. ఆ సంచులు పారేసి వచ్చిన రోజు మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ. అందుకే ఈ జులైలో అరకు వెళ్దామని మా బావ ఫోన్ చేసి కాఫీ తోటలూ, బొర్రా గుహలూ అంటుంటే నేను "సంత ఏ రోజు?" అని అడిగాను.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కాం. సొరంగాల గురించీ, మబ్బుల గురించీ అందరూ రాశారు, నేను వదిలేస్తున్నాను.

సంతలో సన్నగా తుంపర పడుతోంది. ఒక ముసలావిడ ముందు అడ్డాకు డొప్పల్లో పుట్టగొడుగులు. మనం ప్లాస్టిక్ డబ్బాల్లో కొనుక్కునే గుండ్రటి బటన్ రకం కాదు. బూడిదరంగు గొడుగు, దాని నడినెత్తిన మేకు మొనలా చిన్న బుడిపె, కాడ కింద మట్టి అంటిన పొడుగాటి వేరు. డొప్ప వంద. మా బావ బేరానికి దిగబోతే నేనే ఆపాను. ఎక్కడ దొరికాయని అడిగితే ఆవిడ నవ్వి, "పుట్టకాడ" అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. చోటు చెబితే వచ్చే ఏడు ఆమెకి మిగలవు మరి.

రాత్రి మా బావ స్నేహితుడి ఊళ్లో దిగాం. వాళ్ల నాన్న, డెబ్బై దాటిన మనిషి, తెల్లారుతూనే మమ్మల్ని చేను గట్టుకి తీసుకెళ్లాడు. నేను పెద్ద పుట్ట ఉంటుందనుకున్నాను. అక్కడ చూస్తే చదును నేల, గడ్డి, మధ్యలో పది పన్నెండు గొడుగులు. ఒకదాన్ని పట్టుకుని లాగబోయాను. "పీక్కు బాబూ, తెగిపోద్ది" అని కర్రతో చుట్టూ మట్టి వదులు చేశాడు. వేరు జానెడు వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. అయినా చివరిదాకా తవ్వనివ్వలేదు. "కింద ఇల్లుంది. అది చెడిపోతే మళ్లీ ఏడు రావు."

ఆ ఇల్లు చెదలది. దారిలో రోడ్డు కోసం గట్టు తెగ్గొట్టిన చోట అలాంటి గూడు ఒకటి బయటపడి ఉంటే చూపించాడు. పిడికిలంత గది, లోపల ముడతలు ముడతలుగా గోధుమరంగు ముద్ద. దగ్గరగా వంగి చూస్తే దానిమీద గసగసాలంత తెల్లటి చుక్కలు. ఎండుగడ్డీ, పుల్లలూ చెదలు తిని, తమ రెట్టతోనే ఆ ముద్ద కడతాయి. దానిమీద శిలీంధ్రం అల్లుకుని, చెదలు అరిగించుకోలేని గట్టి పీచుని మెత్తబరుస్తుంది. చెదలు ఆ చుక్కల్నీ, మెత్తబడ్డ ముద్దనీ తింటాయి. వానలు పడి నేల నానినప్పుడు అక్కడినుంచి ఒక కాడ మట్టిని పొడుచుకుంటూ పైకొస్తుంది. నెత్తిమీది బుడిపె అందుకే. ఉరిమితేనే లేస్తాయని తాత నమ్మకం. ఉరుము సంగతి నాకు తెలీదు గానీ, వాన మాత్రం కావాలి.

పుట్టగొడుగు అన్న మాటలో పుట్ట ఎందుకుందో ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఆలోచించలేదు. చెదలు ఈ సేద్యం మొదలుపెట్టి దాదాపు మూడు కోట్ల ఏళ్లట. ఈ రకాన్ని షెడ్డులో పండించడం మనుషులకి ఇంకా చేతకాలేదు. చెదలు గూడు వదిలేసి పోతే ఆ ముద్దని వేరే బూజులు ఆక్రమించేస్తాయి. ఇది వినగానే నాకు నా నాలుగు సంచులు గుర్తొచ్చాయి.

తాత ఒక తెల్లటిదాన్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. "కుక్కగొడుగు" అన్నాడు. నా కంటికి రెండూ ఒకటే. వెల్లుల్లి వేసి వండితే రంగు మారుతుందనీ, వెండి చెంచా నల్లబడుతుందనీ చెప్పే పరీక్షలేవీ నమ్మకండి. ప్రాణం తీసే రకాల విషం ఉడికించినా పోదు, వాంతులు మొదలయ్యేసరికి చాలా గంటలు గడిచిపోతాయి. తెలిసినవాళ్లు ఏరితేనే తినాలి. మేం తిన్నాం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేపుడు, పక్కన చోడి (రాగి) అంబలి. కోడికూరలా ఉంటాయంటారు గానీ, నాకు కోడికూర గుర్తుకు రాలేదు.

తిరుగు దారిలో శృంగవరపుకోట దగ్గర ఒక షెడ్డు చూడ్డానికి దిగాం. నడిపేది నలభై ఏళ్ల ఆవిడ. చలికాలంలో ముత్యపు చిప్ప (ఆయిస్టర్) రకం, ఎండలు ముదిరితే పాల పుట్టగొడుగులు వేస్తుంది. "మార్చి నెలాఖర్లో ముత్యపు చిప్ప వేశారా?" అని నావైపు జాలిగా చూసింది. దానికి 20 నుంచి 28 డిగ్రీలు కావాలి. పాలరకం 35 వరకూ ఓర్చుకుంటుంది. అది కూడా ఒకప్పుడు అడవిదే. పశ్చిమ బెంగాల్లో దొరికితే 1974లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు, 1998లో కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏపీకే-2 అనే రకం విడుదల చేసింది. ఏపీ అని చూసి మనదనుకునేరు, అది తమిళనాడులోని అరుప్పుకోట్టై ఊరి పేరు.

అప్పుడే వరిగడ్డి ఉడకబెట్టి టార్పాలిన్ మీద ఆరబోశారు. ఒక పిడికెడు నా చేతిలో పెట్టి పిండమంది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. "ఇలాగే నింపేసుంటారు మీరు. బూజు పట్టక ఏం చేస్తుందండీ?" టీ తాగి, గంట తర్వాత మళ్లీ పిండాను. అరచెయ్యి తడిసింది, బొట్టు రాలలేదు. "ఇదీ లెక్క." తర్వాత గడ్డి ఒక వరస, జొన్న గింజలమీద పెంచిన విత్తనం ఒక వరస వేస్తూ సంచి నింపింది. మూడు వారాలు చీకట్లో ఉంచితే గడ్డంతా తెల్లగా అల్లుకుంటుంది. అప్పుడు సంచిని సగానికి కోసి పైన మట్టి పరుస్తారు. మొలకలకి ఇంకో పది రోజులు. 'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అని రాసేవాళ్లని ఒక నెల ఆ షెడ్డులో కూర్చోబెట్టాలి.

పాలరకం విత్తనం రెండు ప్యాకెట్లు కొని, ఎండ తగలకుండా తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. అరకు వెళ్లి కాఫీ పొడి కొనకుండా వచ్చామని విజయనగరం బస్టాండులో దిగాక గుర్తొచ్చింది.