దమ్ముతో నాయన నడక

నల్గొండ జిల్లా చెర్వుగట్టు జాతరలో మధ్యలో ఎక్కడా కూర్చోకుండా గుట్ట ఎక్కిన మనిషి మా నాయన. ముప్పై ఏళ్లు బీడీలు తాగిన తరువాత, ఇప్పుడు వాకిలి దాటి నాలుగిళ్ల అవతలికి పోయేసరికే ఆయనకు దమ్ము వస్తుంది. గాలి లోపలికి అందకపోవడమే దీనికి కారణమని మేమంతా అనుకున్నాము. అసలు చిక్కు గాలి బయటికి పోవడంలో ఉందని, సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బని తేలిన తరువాత డాక్టరు వివరిస్తేనే అర్థమైంది.

శ్వాసనాళాలు సన్నబడి, ఊపిరితిత్తులు బిగువు కోల్పోయినవారికి ఊపిరి వదలడానికి ఎక్కువ సమయం కావాలి. కూర్చున్నప్పుడు ఆ సమయం దొరుకుతుంది. నడక మొదలుపెట్టగానే శ్వాస వేగం పెరిగి, పాత గాలి పూర్తిగా పోకముందే కొత్త గాలిని పీల్చవలసి వస్తుంది. అలా శ్వాసశ్వాసకూ కొంత గాలి లోపలే చిక్కుకొని ఛాతీ ఉబ్బిపోతుంది, ఛాతీ అడుగున గొడుగులా ఉండి ఊపిరిని లాగవలసిన డయాఫ్రమ్ అనే కండరం చదునై, దాని లాగే బలం తగ్గుతుంది. అంచుదాకా నిండిన బిందెలో ఇంకో చెంబెడు నీళ్లు పట్టవు కదా! తలకు నూనె రాసుకున్నా నాయన రొప్పుతాడు. ఊపిరికి సాయపడే మెడ, భుజాల కండరాలను ఎత్తిన చేతులు తమ పనికి వాడుకుంటాయి.

మేము చేసిన తప్పు, ఆయనను మంచం దిగనీయకపోవడం. కదలిక లేక తొడల కండరాలు క్షీణించాయి. బలహీనపడిన కండరం కొద్ది పనికే లాక్టిక్ ఆమ్లాన్ని పోగుచేస్తుంది, దానివల్ల శ్వాస ఇంకా వేగంగా తీయవలసి వస్తుంది. "దమ్ముకంటే ముందు తొడలే గుంజుతున్నయి బిడ్డా" అని నాయన అన్నప్పుడు నేను నమ్మలేదు. ఈ జబ్బున్న చాలామంది నడక ఆపేది కాళ్ల అలసటతోనేనని తరువాత తెలిసి, ఆయన మాట వినిపించుకోనందుకు ఎంతో బాధపడ్డాను.

పల్మనరీ రిహాబిలిటేషన్ అనే శిక్షణ సాధారణంగా 6 నుంచి 12 వారాలు ఉంటుంది. అది ఊపిరితిత్తులను బాగుచేయదు, కాళ్లకు బలమిచ్చి నడిచే దూరాన్ని పెంచుతుంది. డాక్టరు పరీక్షించి ఒప్పుకున్నాకే మేము మొదలుపెట్టాము. నడకకు ముందు ఇన్‌హేలర్ పీల్చుకొని, వేడి చాయ్‌ని ఊదినట్టు పెదవులు ముడిచి మెల్లగా ఊపిరి వదులుతూ నాయన వేపచెట్టు దాకా వెళతాడు. అక్కడ మోకాళ్లపై చేతులు ఆనించి, కాస్త ముందుకు వంగి నిలబడతాడు. చూసినవాళ్లు "ముసలాయనను ఎందుకు తిప్పుతున్నవు?" అని అడుగుతారు. నేను జవాబు చెప్పేలోపే ఆయన మళ్లీ అడుగు వేస్తాడు.