సారటోగాలో ఆ మలుపు దగ్గర

న్యూయార్క్ నుంచి సారటోగా స్ప్రింగ్స్‌కి రైల్లో మూడున్నర గంటల పైమాటే. అక్కడ గుర్రప్పందేల సీజను జూలైలో మొదలై సెప్టెంబరు మొదట్లో ముగుస్తుంది. సోమ, మంగళవారాలు మామూలుగా సెలవు. మామూలు టికెట్టుకి సీటుండదు. వెనకవైపు చెట్లకింద బల్ల దొరకాలంటే పొద్దున్నే, గేటు తీసే వేళకి అక్కడుండాలి.

నేను వెళ్ళింది 1919 ఆగస్టు 13న శాన్‌ఫర్డ్ పందెం జరిగిన ట్రాకు చూడ్డానికి. మ్యాన్ ఓ వార్ అనే పేరుమోసిన గుర్రం 21 పందేల్లో ఓడింది ఆ ఒక్కదాంట్లోనే. గెలిచిన గుర్రం పేరు అప్‌సెట్. ఓడుతుందనుకున్నది గెలిస్తే ఇంగ్లీషులో ‘అప్‌సెట్’ అంటారు. ఆ మాట దీనివల్లే పుట్టిందంటారు గానీ, అంతకు ముందు నుంచే పత్రికల్లో ఉంది.

ఆ పందెం ఆరు ఫర్లాంగులు. దాని స్టార్టు గ్రాండ్‌స్టాండుకి అవతలి పక్కన. బైనాక్యులర్స్ లేకపోతే చీమలబారే. గుర్రాల్ని నిలబెట్టి వదిలే ఇప్పటి గేట్లు అప్పట్లో లేవు. ట్రాకుకి అడ్డంగా పట్టీ కట్టి, గుర్రాలు వరసలో నిలవగానే స్టార్టరు, అంటే పందెం మొదలుపెట్టే మనిషి, దాన్ని పైకి వదిలేవాడు. రెండేళ్ళ గుర్రాలు నిలుస్తాయా? తిరుగుతాయి, పట్టీని తోసుకుపోతాయి. ఆవేళ రోజూ ఉండే స్టార్టరు లేడు. పట్టీ లేచేసరికి మ్యాన్ ఓ వార్ సిద్ధంగా లేదు, వెనకబడింది.

తప్పంతా స్టార్టరుదే అంటే నేనొప్పుకోను. మలుపు దాటే చోట రెయిలింగు పక్కన నిలబడి చూశాను: గుర్రాలు లోపలికి ఒరుసుకొస్తుంటే చెయ్యి దూర్చే సందు కూడా ఉండదు. మ్యాన్ ఓ వార్‌ని దాని జాకీ లాఫ్టస్ సరిగ్గా అక్కడికే తీసుకెళ్ళాడు. ముందు గోల్డెన్ బ్రూమ్ అనే గుర్రం, బయటి పక్క అప్‌సెట్. దారిలేక పగ్గం బిగబట్టి, బయటికి తిప్పి, మళ్ళీ ఊపందుకోవాలి. దాని వీపు మీద పందెంలో మొయ్యాల్సిన బరువు 130 పౌన్లు, అంటే 59 కిలోలు. అప్‌సెట్ మీద 115, అంటే 52. మలక్‌పేటలో బరువులు చూసి పందెం కాసేవాళ్ళకి ఏడు కిలోలంటే ఏమిటో తెలుసు. అదే 130తో పదకొండు రోజుల ముందు ఇదే అప్‌సెట్‌ని ఓడించింది కదా అంటారు. ఒకే ఊపులో పరిగెత్తితే బరువు అంత తెలీదు. ఆగి మళ్ళీ అందుకోవాల్సొచ్చినప్పుడే మోత. చివరికి తేడా అర లెంగ్తు, అంటే గుర్రం పొడవులో సగం.

వెనక తోటలో ‘బిగ్ రెడ్’ అనే ఊట ఉంది. మ్యాన్ ఓ వార్ ముద్దుపేరూ అదే. కొళాయి తిప్పి పట్టుకుంటే బుడగలొస్తాయి. ఉప్పు, ఇనుము కలిసిన రుచి. ఒక్క గుక్క చాలు.