రిఫరీ పరీక్షలో నేను తప్పిన ప్రశ్న: చార్జింగా, బ్లాకింగా?

రాష్ట్ర స్థాయి బాస్కెట్‌బాల్ రిఫరీ పరీక్షకు చదువుతున్న మిత్రులారా, మొదటి ప్రయత్నంలో నన్ను దెబ్బతీసిన ఒక్క అంశం గురించే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఏళ్ల తరబడి ఆడినవాణ్ని కనుక చార్జింగ్ (బంతితో వచ్చినవాడు డిఫెండర్‌ను ఢీకొట్టే ఫౌల్), బ్లాకింగ్ (డిఫెండర్ అక్రమంగా అడ్డుపడే ఫౌల్) గురించి ప్రత్యేకంగా చదవనక్కర్లేదనుకుని, "డిఫెండర్ కదులుతుండగా తగిలితే బ్లాకింగే" అని కోర్టులో అందరూ అనే మాటనే జవాబుగా రాశాను. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమావళిలో అలాంటి మాట లేదు.

డిఫెండర్ ప్రత్యర్థికి ఎదురుగా తిరిగి, రెండు పాదాలూ నేల మీద ఆనిస్తే నియమబద్ధమైన గార్డింగ్ స్థానం, అంటే ప్రత్యర్థిని అడ్డుకునే హక్కున్న స్థానం, ఏర్పడుతుంది. ఆ తరువాత దాన్ని నిలుపుకోవడానికి అతడు పక్కకు గానీ వెనక్కు గానీ జరగవచ్చు. అలా జరిగి ఆ చోటికి ముందుగా చేరుకున్నాక బంతి ఉన్న ఆటగాడు వచ్చి అతడి ఛాతీని ఢీకొంటే ఫౌల్ ఆ వచ్చినవాడిదే. బంతి ఉన్నవాడి విషయంలో సమయం, దూరం లెక్కలోకి రావు. అయితే అతడు గాలిలోకి లేచిన తరువాత దారిలోకి జరిగిన డిఫెండర్‌ది మాత్రం తప్పే.

రెండోసారి చదివేటప్పుడు మ్యాచ్ వీడియోను ఢీకొనే క్షణానికి కాస్త ముందు ఆపి, బంతిని వదిలేసి డిఫెండర్ పాదాలను మాత్రమే చూసి నిర్ణయం రాసుకునేవాణ్ని. నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడిన సాధన ఇదే. వీడియోలు ఫిబా మ్యాచ్‌లవే ఎంచుకోండి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ నియమాలు వేరు. ఉదాహరణకు అక్కడ ఆటగాడు 6 ఫౌల్స్‌కు బయటికి వెళ్తాడు, మనకు 5కే.

బుట్ట కింది అర్ధవృత్తం వ్యాసార్ధం 1.25 మీటర్లు. దాని గీత కూడా ఆ ప్రాంతంలో భాగమే కనుక, డిఫెండర్ ఒక్క పాదం గీత మీద ఉన్నా, బంతితో బుట్ట వైపు దూసుకొచ్చి గాలిలో షాట్‌కు ప్రయత్నిస్తున్నవాడిపై చార్జింగ్ ఇవ్వకూడదు. ఆ షాట్ వేసేవాడు చేతులను, కాళ్లను అక్రమంగా వాడితే మాత్రం ఇవ్వాలి.

ఫౌల్ జరిగినట్లు నటించిన జట్టుకు మొదట హెచ్చరిక ఇస్తారు. ఆ తరువాత అదే జట్టులో ఎవరు నటించినా టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తనకు ఇచ్చే ఫౌల్), ఎదుటివారికి 1 ఫ్రీ త్రో. కానీ పడిన ప్రతివాణ్నీ అనుమానించకండి. సరైన చోట నిలబడి, నిజంగా దెబ్బ తిని పడిన డిఫెండర్‌కు న్యాయం చేయవలసింది మనమే.

రెండో ప్రయత్నంలో, ప్రాక్టికల్ మ్యాచ్‌లో, పక్కకు జరుగుతున్న ఒక డిఫెండర్ ఛాతీని బంతితో వచ్చిన ఆటగాడు ఢీకొన్నాడు. నేను విజిల్ ఊది, పిడికిలి బిగించి అరచేతికి కొట్టి చార్జింగ్ అని చూపించాను.