రాయిని తిని దారి చేసుకునే శిలాద్రవం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోడ్డు కోసం కొండ తొలిచిన చోట ఖోండలైట్ అనే ఇక్కడి కొండరాతి మీద నీళ్లు చల్లి చూడండి. మెలికలు తిరిగిన తెల్లటి చారలు, వాటి మధ్య ఎర్రటి గార్నెట్ గింజలు తేటగా కనిపిస్తాయి. ఆ చారలు ఒకప్పటి ద్రవం. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట తూర్పు కనుమల రాళ్లు భూపటలం లోతుల్లో 900 డిగ్రీలు దాటిన వేడికి కొంత కరిగాయి. సిలికా ఎక్కువున్న ద్రవం కాబట్టి బాగా చిక్కన, చాలావరకు దూరం పోలేక అక్కడే గట్టిపడింది. అంతకన్నా లోతున, భూపటలం కింది పొర మాంటిల్‌లో పుట్టే ద్రవం తీరు వేరు. అది తేనెలా పారగలదు.

భూపటలం కింద లావా సముద్రం ఉందనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. లేదు. ఖండాల కింద 35–40 కిలోమీటర్ల లోతు నుంచి 2,900 కిలోమీటర్ల దాకా ఉన్న మాంటిల్ దాదాపు అంతా గట్టి రాయే. ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంది, అంతే. పైభాగంలోని రాయి పెరిడొటైట్: సగానికి పైగా ఆలివిన్ అనే ఖనిజం, మిగతాది ఎక్కువగా రెండు రకాల పైరాక్సీన్ ఖనిజాలు (ఆర్థోపైరాక్సీన్, క్లైనోపైరాక్సీన్).

దాన్ని కరిగించడానికి కొత్తగా వేడి అక్కర్లేదు, రాయి పైకి లేస్తే చాలు. నీరు లేని పెరిడొటైట్ ఉపరితల పీడనం దగ్గర సుమారు 1,100 డిగ్రీలకు కరగడం మొదలవుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఆ హద్దు కిలోమీటరుకు 3–4 డిగ్రీలు పెరుగుతుంది. పైకి లేచే రాయి మాత్రం కిలోమీటరుకు అర డిగ్రీ మించి చల్లబడదు. అందుకే సముద్రం నడుమ ఉండే రిడ్జిల (భూపలకలు విడిపోయే చోటి కొండ వరసల) కింద 60–70 కిలోమీటర్ల లోతులో కరగడం మొదలై, తర్వాత మూడేసి కిలోమీటర్లకు సుమారు ఒక శాతం చొప్పున ద్రవం పెరుగుతుంది.

ఒక శాతం ఉన్నా చాలు, దారులు కలుస్తాయి. ఆలివిన్ గింజల మూలల్లో ద్రవం చేసే కోణం 60 డిగ్రీల లోపే. అందువల్ల అది విడి చుక్కలుగా మిగలక, గింజల అంచుల వెంట సన్నటి గొట్టాల వలలా అల్లుకుంటుంది. ద్రవం ఘనమీటరు సుమారు 2,800 కిలోలు, చుట్టూ రాయి 3,300. ఆ తేడాకే పైకి లేస్తుంది. అది వదిలిన జాగాను రాయి మెల్లగా కుంగి నింపుతుంది. ఈ పిండుడును 1984లో భూభౌతిక శాస్త్రవేత్త డాన్ మెకెంజీ సమీకరణాల్లో పెట్టారు. గింజ సైజు రెట్టింపైతే ప్రవాహం నాలుగింతలు, ద్రవం వాటా రెట్టింపైతే దాదాపు ఎనిమిదింతలు. ఆ ఎనిమిదింతల దగ్గరే కథ మలుపు తిరుగుతుంది.

బెల్లం దిమ్మ మీద వేడినీళ్లు చుక్కలుగా వేస్తే మొదట గుంట పడిన చోటికే మిగతా నీళ్లూ పోతాయి. పాకం చిక్కబడ్డాక మాత్రం ఇక బెల్లం కరగదు. శిలాద్రవానికి ఆ ఆటంకం లేదు. పైకి వచ్చేకొద్దీ పీడనం తగ్గి, కింద పైరాక్సీన్‌తో నిండిపోయిన ద్రవానికి మళ్లీ దాన్ని కరిగించే శక్తి వస్తుంది. ఆర్థోపైరాక్సీన్‌ను కరిగించుకుని, బదులుగా ఆలివిన్‌ను గట్టిపరచి వదులుతుంది. కరిగింది ఎక్కువ, వదిలింది తక్కువ కావడంతో సందులు పెరుగుతాయి. సందు రెట్టింపైన చోటికి ప్రవాహం ఎనిమిదింతలై వచ్చి ఇంకా తింటుంది. చివరికి వాగులు గెడ్డలో కలిసినట్టు చిన్న దారులు పెద్ద దారిలో కలుస్తాయి. ప్రయోగశాలలో 300 మెగాపాస్కల్ పీడనం (గాలి పీడనానికి దాదాపు 3,000 రెట్లు), 1,200 డిగ్రీలు దాటిన వేడి దగ్గర ఇలాంటి వేళ్లలాంటి దారులు నిజంగానే పుట్టాయి. ద్రవాన్ని మరీ మెల్లగా పంపితే మాత్రం పుట్టలేదు. రాయంతా ఒకే వరసలో సమంగా మారి ఊరుకుంది.

ఆ దారుల ఆనవాలు డ్యూనైట్, అంటే 90 శాతం పైగా ఆలివిన్ ఉన్న రాయి. ఒమన్ కొండల్లో పైకి తేలిన మాంటిల్ రాతిలో సెంటీమీటర్ల నుంచి వందల మీటర్ల వెడల్పు దాకా డ్యూనైట్ పట్టీలున్నాయి. ఇంకో రుజువు కాలం. గింజల సందుల్లోంచే వస్తే వేగం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు, ప్రయాణం పది లక్షల ఏళ్లు దాటుతుంది. లోతున ద్రవంలోకి అదనంగా చేరిన రేడియోధార్మిక థోరియం-230, దాని అర్ధాయువు (సగం తరిగిపోయే కాలం) సుమారు 75,000 ఏళ్లే కనుక, అప్పటికి మాయం కావాలి. రిడ్జి దగ్గర ఆ ద్రవం గట్టిపడిన బసాల్ట్ రాతిలో ఆ అదనం ఇంకా దొరుకుతోంది. అంటే వేగంగా వచ్చే దారులు ఉన్నాయి.

దారి మూసుకుపోయేది పైన. చల్లటి పొర తగలగానే ద్రవంలోంచి ప్లాజియోక్లేజ్, క్లైనోపైరాక్సీన్ ఖనిజాలు గట్టిపడి సందులు పూడిపోతాయి. ద్రవం ఆ మూత అడుగున ఏటవాలుగా రిడ్జి వైపు జరుగుతుంది, లేదా ఒత్తిడి పెరిగి రాయిని చీల్చుకుని పైకి దూకుతుంది.

మన జిల్లాల కింద పాత ఖండపు మందమైన చల్లటి మూత ఉంది. మాంటిల్ రాయి తగినంత పైకి లేవలేదు, కరగలేదు. మాంటిల్ ద్రవం నుంచి పుట్టిన బసాల్ట్‌ను దగ్గర్లో చూడాలంటే రాజమహేంద్రవరం వైపు కాటేరు, పంగిడి క్వారీలకు వెళ్లాలి. దాదాపు 6.5 కోట్ల ఏళ్ల కిందటి ఆ నల్లరాయిలో మన ఖోండలైట్ చారలు ఉండవు. లెన్సు పెట్టి చూస్తే ఒకే తీరున సన్నటి గింజలు, అక్కడక్కడా వాయువు బుడగలు వదిలిన గుంటలు కనిపిస్తాయి.