ఇంటి సంగతులు వివరంగా చెప్పండి

ఈ సంచిక మన బడిలో చదివి ఇప్పుడు ఫౌజులో, అంటే సైన్యంలో ఉన్న కుర్రాళ్ల ఇళ్లకు కూడా వెళ్తుందని తెలిసింది. అందుకే వాళ్ల అమ్మానాన్నల్నీ, భార్యల్నీ, అక్కచెల్లెళ్లనీ మనసులో పెట్టుకుని రాస్తున్నాను. చెప్పాలనుకున్నది ఒకటే. మీవాడికి ఇంటి సంగతులు వివరంగా చెప్పండి, అందులోనూ చిన్నచిన్నవి ఎక్కువ చెప్పండి.

నేను ఆర్టిలరీలో, అంటే ఆర్మీ ఫిరంగి దళంలో చేశాను. హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్, ఆ తర్వాత రెజిమెంట్ ఎక్కడికి వెళ్తే అక్కడికి. క్యాంపులో చీకటితోనే లేచి మగ్గులో చాయ్ తాగి పీటీకి వెళ్లడం, టిఫిన్, పరేడ్, గన్ డ్రిల్, గన్నుల మెయింటెనెన్స్, లంగర్‌లో (జవాన్ల వంటశాలలో) పప్పూ రోటీ, సాయంత్రం గేమ్స్, ఆపైన రోల్ కాల్. రేపటి డ్యూటీలు రోల్ కాల్‌లోనే చదువుతారు, రాత్రి ఎవరు ఏ టైముకి సెంట్రీ (కాపలా) నిలబడాలో అక్కడే తెలుస్తుంది. రెజిమెంట్ ఏర్పడిన రోజు, అంటే రైజింగ్ డే నాడు, బడా ఖానా అనే పెద్ద విందు ఉంటుంది, ఆఫీసర్లు మాతో కూర్చుని తింటారు, మాకు వడ్డిస్తారు కూడా, ఆ రోజు నిజంగా పండగే. మిగతా రోజుల్లో ఏ రోజు ఏదో కూడా గుర్తుండదు. వాటిలో తేడా తెచ్చేది డాక్, అంటే టపా ఒక్కటే.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. కొద్ది రోజులకే పాకిస్తాన్ సరిహద్దుకి బలగాల్ని తరలించే ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది, సెలవులు ఆగిపోయాయి, ఇళ్లకు వెళ్లినవాళ్లని వెనక్కి పిలిపించారు, గన్నులు రైలెక్కాయి. మేము రాజస్థాన్ సరిహద్దుకి వెళ్లాం. బలగాల్ని వెనక్కి రప్పించాలని 2002 అక్టోబరులో ప్రభుత్వం నిర్ణయించేదాకా, యుద్ధం ఇవాళో రేపో అన్నట్టుగానే ఉన్నాం. జనవరి రాత్రుల్లో ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా చాలేవి కావు, మే వచ్చేసరికి గన్ బ్యారెల్ ముట్టుకుంటే చెయ్యి కాలేది, రోటీలో ఇసుక, చాయ్‌లో ఇసుక. వీటన్నిటికీ ఒళ్లు అలవాటు పడింది. కబురు లేకపోవడానికి మాత్రం అలవాటు పడలేదు. ఎక్కడున్నామో ఇంటికి రాయకూడదు, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని మాత్రమే. అక్కడ ఇంటివాళ్లు పేపర్లో సరిహద్దు వార్త చదివిన ప్రతిసారీ అది మావాడున్న చోటేనేమో అని భయపడుతూ గడిపారు.

డాక్ సంచీ వచ్చిందంటే ఎంత పనిలో ఉన్నా చెవులు అటే ఉండేవి. పేర్లు పిలుస్తుంటే తన పేరు రానివాడు ఏమీ పట్టనట్టు గన్ తుడుస్తూ ఉండేవాడు. మా బ్యాటరీలో, అంటే రెజిమెంట్‌లో కొన్ని గన్నులుండే భాగంలో, తెలుగువాళ్లం కొద్దిమందిమే, అందుకని ఒకరికి వచ్చిన ఉత్తరం అందరం చదువుకునేవాళ్లం. కొన్ని ఉత్తరాల్లో 'ఇక్కడ మేమంతా క్షేమం, నీవు క్షేమమని తలుస్తాము, ఆరోగ్యం జాగ్రత్త' అని నాలుగు ముక్కలే ఉండేవి. పాపం వాళ్లు ప్రేమతోనే రాశారు, బిడ్డకి దిగులు కలగకూడదని. కానీ అది చదివినవాడు కాగితం తిరగేసి వెనకాల ఇంకేమైనా ఉందా అని చూసేవాడు.

మా అమ్మకి రాయడం రాదు, చెల్లెలు రాసేది. తను కూడా మన బడిలోనే, మన తెలుగు మాస్టారి దగ్గరే చదివింది. లేఖారచన క్లాసులో 'క్షేమం అని రాసి ఆపేయకండ్రా, ఇవాళ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చూశారో రాయండి' అని ఆయన మనల్ని వదిలేవారు కాదు, గుర్తుందా? చెల్లెలు అలాగే రాసేది. వంటింటి కప్పు ఎక్కడ కారుతోందో, నాన్న ఎవరితో మాట్లాడటం మానేశారో, మళ్లీ ఎందుకు మాట్లాడారో, దూడకి ఏం పేరు పెట్టారో, అన్నీ. ఆ ఉత్తరం చదివితే ఇల్లు నన్ను వదిలేసి ముందుకెళ్లిపోలేదనిపించేది. మా గన్ డిటాచ్‌మెంట్‌లో, అంటే ఒక గన్ మీద పనిచేసే జట్టులో, తెలుగు రానివాళ్లు కూడా దూడ సంగతి అడిగేవారు. ఆ ఉత్తరాలన్నిటి వెనకా మాస్టారున్నారని ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఎత్తైన కొండల మీద పోస్టుల్లో శాటిలైట్ ఫోన్ దగ్గర వరసలో నిలబడి మాట్లాడేవాళ్లం, మన మాట అటు చేరడానికి కాస్త టైము పట్టేది, ఈలోగా రెండువైపులా ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోయేవాళ్లం. ఆ కాల్ చార్జీ 2017 దీపావళికి నిమిషానికి ఐదు రూపాయల నుంచి ఒక్క రూపాయికి తగ్గింది, బయటివాళ్లకి అదొక చిన్న వార్త, అక్కడున్నవాళ్లకి చాలా పెద్దది.

ఇప్పుడు చాలాచోట్ల వీడియో కాల్ కూడా దొరుకుతోంది. మంచిదే, కానీ దీనితో ఒక కొత్త కష్టం వచ్చింది. ఉత్తరం రోజుల్లో అమ్మకి జ్వరమన్న కబురు మాకు చేరేసరికి అమ్మ లేచి తిరుగుతుండేది. ఇప్పుడు జ్వరం వచ్చిన గంటకే తెలుస్తుంది, వాడు ఇంకో గంటలో రైఫిల్ తీసుకుని సెంట్రీకి వెళ్లాలి, అక్కడ ఫోన్ ఉండదు, రాత్రంతా అదే టెన్షన్. అలాగని దాచిపెట్టకండి, దాచినట్టు గొంతులోనే తెలిసిపోతుంది. డ్యూటీ ఎప్పుడో ముందు అడగండి. చెప్పేటప్పుడు డాక్టర్ ఏమన్నారో, దగ్గర ఎవరున్నారో మొదట చెప్పి, జబ్బు సంగతి ఆ తర్వాత చెప్పండి.

ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తీసేయమని 2020లో ఆర్మీ ఆదేశించినప్పుడు చాలామంది ఇళ్లలో బాధపడ్డారు. నాకైతే అది సరైన పనే అనిపించింది. ఒక ఫొటోలో వెనకాల కనిపించే కొండ చాలు, యూనిట్ ఎక్కడుందో కనిపెట్టడానికి. మీవాడు పంపిన ఫొటోలు దయచేసి గ్రూపుల్లో పెట్టకండి.

అగ్నివీరులు కాని జవాన్లకి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటాయి, కానీ ఎప్పుడు దొరుకుతాయో వాడి చేతిలో ఉండదు. నిజంగా అత్యవసరమైతే ఒకప్పుడు టెలిగ్రామ్ కొట్టేవాళ్లం, అది 2013లో ఆగిపోయింది. కాబట్టి యూనిట్ ఫోన్ నంబరు వాడినడిగి ఇంట్లో రాసిపెట్టుకోండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో కూడా తెలుసుకోండి.

పిల్లలుంటే వాళ్లచేత కాగితం మీద రాయించి పంపండి, బొమ్మ గీసినా సరే. ఏపీఓ డాక్ ఇప్పటికీ నడుస్తోంది. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ గానీ 99 ఏపీఓ గానీ వాడు చెప్పినట్టే రాయండి, 9తో మొదలయ్యే పిన్‌కోడ్ వెయ్యండి. వాడున్న ఊరి పేరు మాత్రం రాయొద్దు.