సాయానికి ముందు డబ్బే ఉండాలా?

"నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక ఎవరికైనా సాయం చేద్దాం" అనే మాట ఇంట్లో, ఆఫీసులో వింటూనే ఉంటాను. మొన్న రక్తం ఇచ్చి వచ్చాక ఆ మాట నాకు మింగుడు పడటం లేదు.

తలసేమియా, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు ఉన్న పిల్లల కోసం పెట్టిన క్యాంపు. పక్క మంచం మీద ఒక ఆటో అన్న, ఖాకీ చొక్కా చేయి పైకి మడిచి స్పాంజి బంతి నొక్కుతున్నాడు. "పొద్దుగాల గిరాకీ వదులుకుని వచ్చిన తమ్మీ, ఎవరి పిల్లలైతేంది" అన్నాడు. అయ్యాక జ్యూస్ తాగి, బిస్కెట్ ప్యాకెట్ జేబులో పెట్టుకుని స్టాండుకి వెళ్లిపోయాడు.

ఆ పిల్లల్లో చాలామందికి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఏళ్ల తరబడి. రక్తం ఫ్యాక్టరీలో తయారవదు. డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం మన దేశంలో 1998 నుంచి నిషేధం. కోటీశ్వరుడి బిడ్డకైనా ఎవరో ఒకరు వచ్చి ఇవ్వాల్సిందే. 18 ఏళ్లు నిండాలి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండాలి, ఆరోగ్యం బాగుండాలి. జీతం ఎంతని ఎవరూ అడగరు.

డబ్బు అక్కర్లేదని అనను. పదే పదే రక్తం ఎక్కించడం వల్ల ఆ పిల్లల ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందులకి బోలెడు ఖర్చు, చాలామందికి దాతలే భరిస్తున్నారు. వాళ్లకి దండం. కానీ డబ్బొచ్చేదాకా ఆగుదాం అంటే మాత్రం ఒప్పుకోను.

వేసవిలో కాలేజీలకి సెలవులిస్తే క్యాంపులు తగ్గి కొరత వస్తుంది. వీలున్నవాళ్లు మే నెలలో దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుకి ఓసారి ఫోన్ చేయండి. తోడు కావాలంటే చెప్పండి, నేనొస్తాను.