అడిగేదాకా చెప్పని సంగతి

"మోషన్ నీళ్లలో తేలుతోందా, మునుగుతోందా?" అని అడిగారు డాక్టరు గారు.

నేను తల దించుకున్నాను. పక్క కుర్చీలో మా ఆయన ఉన్నారు. పెళ్లయి పదకొండేళ్లయినా ఆయన ముందు ఇలాంటి మాట ఎప్పుడూ మాట్లాడలేదు. ఇరవై రెండు రోజులుగా నన్ను పీల్చేస్తున్న జబ్బు గురించి అప్పటికే ఇద్దరు డాక్టర్లకు చెప్పుకున్నాను. ఇద్దరికీ చెప్పింది ఒకటే ముక్క: "లూజ్ మోషన్స్ అవుతున్నాయండీ." రోజుకు ఎన్నిసార్లు అంటే ఒక అంకె చెప్పాను. అంతకు మించి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

"తేలుతోందండీ" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"జిడ్డుగా ఉంటోందా? నీళ్లు పోసినా అంటుకుని ఉండిపోతోందా?"

"అవునండీ."

"తేన్పులు వస్తున్నాయా? ఏం వాసన?"

అది చెప్పడానికి ఇంకా కష్టమనిపించింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ వాసనకు భయపడే నేను పది రోజులుగా ఎవరికీ దగ్గరగా కూర్చోవడం లేదు, ఆఫీసులో మీటింగ్‌లకు వెళ్లడం లేదు, రాత్రి బాబును పక్కన పడుకోబెట్టుకోవడం లేదు. అదంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఆపకుండా విన్నారు. రక్తం పడుతోందా అని అడిగారు, లేదన్నాను. జ్వరం కూడా లేదు. అప్పుడు పెన్ను పక్కన పెట్టి, "గత నెలా నెలన్నరలో ఎక్కడైనా వాగులోవో చెరువులోవో నీళ్లు తాగారా?" అన్నారు.

తాగాను.

నెల రోజుల క్రితం నలుగురు స్నేహితులం కలిసి కొండ ఎక్కాం. మధ్యాహ్నానికి బాటిళ్లు ఖాళీ అయ్యాయి. దారికి అడ్డంగా ఒక వాగు పారుతోంది. అడుగున ఉన్న గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు, అంత తేటగా ఉంది. చెయ్యి పెడితే జివ్వుమంది. "పారే నీళ్లే కదా, ఏమవుతుంది" అన్నారు మాలో ఒకరు. దోసిలి పట్టి కడుపారా తాగాను. ఆ రుచి నాకిప్పటికీ గుర్తుంది. రెండోసారి మాత్రం ఎందుకో అనుమానం వచ్చి, బాటిల్లో క్లోరిన్ బిళ్ల వేసి పది నిమిషాలు ఆగి తాగాను. జాగ్రత్త పడ్డాననే అనుకున్నాను.

తర్వాత తొమ్మిది రోజులు నాకేమీ కాలేదు. అందుకే, జబ్బు మొదలైనప్పుడు ఆ వాగు నా ఆలోచనలోకే రాలేదు. ముందు రోజు ఏం తిన్నాను, దాని ముందు రోజు ఏం తిన్నాను అని వెతుక్కున్నానే గానీ అంత వెనక్కి వెళ్లలేదు. నా కడుపులో చేరిన పరాన్నజీవి తీరే అంత అని తర్వాత తెలిసింది. అది లోపలికి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. మనం కారణాన్ని మరిచిపోయాక అది పని మొదలుపెడుతుంది.

పదో రోజు తెల్లవారుజామున కడుపులో గుడగుడతో మెలకువ వచ్చింది. ఆ రోజు ఎనిమిది సార్లు వెళ్లాను. మొదట్లో నీళ్లలా అయ్యేవి. మూడు నాలుగు రోజులకు నీళ్లు తగ్గి, పాలిపోయిన రంగులో, జిడ్డుగా, నురగగా అవడం మొదలైంది. సాయంత్రానికి పొట్ట గాలి ఊదినట్టు ఉబ్బిపోయేది. చీర కుచ్చిళ్ల దగ్గర ముడి వదులు చేసుకుని కూర్చునేదాన్ని. ఆకలి చచ్చిపోయింది. తిన్నది ఒంటికి పట్టడం లేదని నాకే తెలుస్తోంది. మూడు వారాల్లో యాభై ఎనిమిది కిలోల నుంచి యాభై రెండుకు వచ్చాను. ఒక అంతస్తు మెట్లెక్కి, పైన గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకునేదాన్ని.

మొదటి డాక్టరు యాంటీబయాటిక్, దానితో పాటు మోషన్స్ ఆపే మాత్ర ఇచ్చారు. రెండు రోజులు తగ్గింది. హమ్మయ్య అనుకున్నాను. మూడో రోజు మళ్లీ మొదలు. రెండో డాక్టరు మలపరీక్ష రాశారు. రిపోర్టులో ఏమీ కనబడలేదని వచ్చింది. "టెన్షన్ వల్ల కూడా ఇలా అవుతుంది, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి" అన్నారు. ఇంటికి వస్తూ దారంతా, ఇదంతా నేనే తెచ్చిపెట్టుకున్నానేమో అని నన్ను నేను తిట్టుకున్నాను. జబ్బు పెట్టిన బాధ కంటే ఆ వారం రోజులు పడ్డ అనుమానం ఎక్కువ బాధ పెట్టింది.

మూడో డాక్టరు గారు ఆ పాత రిపోర్టు చూసి పక్కన పెట్టేశారు. "ఒక్క శాంపిల్‌లో కనబడకపోతే లేదని కాదమ్మా. కొన్ని పరాన్నజీవులు రోజూ బయటికి రావు. ఒక రోజు లక్షల్లో వస్తాయి, ఇంకో రోజు ఒక్కటీ ఉండదు. రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు ఇవ్వండి, యాంటిజెన్ టెస్ట్ కూడా చేయిద్దాం" అన్నారు. ఆ డబ్బా చేతిలో పట్టుకుని ల్యాబ్ వరండాలో నిలబడటం మొదటి రోజు ప్రాణం పోయినట్టనిపించింది. మూడో రోజుకు ఏమీ అనిపించలేదు. అక్కడ కూర్చున్న వాళ్లందరి చేతుల్లోనూ ఏదో ఒక డబ్బా ఉంది.

జియార్డియా అని తేలింది.

ఆవిడ తన ఫోనులో దాని బొమ్మ చూపించారు. నాకు ఒళ్లు జలదరించింది. సగానికి కోసిన బేరిపండు ఆకారం, లోపల రెండు కేంద్రకాలు పక్కపక్కనే, అచ్చం మనకేసి చూస్తున్న కళ్లలా. నాలుగు జతల తోకల్లాంటి పోగులు. పొట్ట వైపు చదునుగా ఒక గిన్నెలాంటి భాగం ఉంటుంది. దానితో చిన్న పేగు గోడను కరుచుకుని ఉండిపోతుంది. గోడను తొలుచుకుని లోపలికి పోదు, అందుకే రక్తం పడదు. కానీ కొవ్వు, చక్కెరలు సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు. ఆ పట్టని కొవ్వూ, లోపల పుట్టిన గ్యాసూ కలిసి మలాన్ని తేలేలా చేస్తాయి. నేను సిగ్గుతో మింగేసిన ఆ ఒక్క మాటలోనే జబ్బు అడ్రసంతా ఉందన్నమాట.

ఇంటికి వచ్చాక దీని గురించి చదివాను. 1681లో డచ్ దేశస్థుడు లేవెన్‌హుక్ తనకు విరేచనాలైనప్పుడు తన మలాన్నే తాను తయారు చేసుకున్న సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడట. చదునైన పొట్టతో కదులుతున్న జీవులు కనబడ్డాయని లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన చూసింది ఇదేనని ఇప్పుడు చెబుతారు. మూడు వందల ఏళ్ల కిందట ఒక మనిషి ఆ సంగతి అంత పెద్ద సంస్థకు కాగితం మీద రాసి పంపగలిగాడు. నేను తలుపులు వేసిన గదిలో డాక్టరుకు చెప్పలేకపోయాను. ఆ రాత్రి చాలాసేపు ఆయన గురించే ఆలోచించాను.

ఆ వాగు నీళ్లు తేటగా ఉన్నాయనే కదా తాగాను. జియార్డియా సిస్టు, అంటే గట్టి పెంకులో ముడుచుకున్న రూపం, పొడవు మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. వేల సిస్టులు కలిసినా నీళ్లు మసకబారవు. పైన ఎక్కడో ఒక జంతువో మనిషో మలవిసర్జన చేస్తే చాలు. చల్లటి నీళ్లలో అవి నెలల తరబడి బతుకుతాయి. పది సిస్టులు కడుపులోకి వెళ్లినా జబ్బు చేయగలవు. ఇక నేను వేసిన క్లోరిన్ బిళ్ల? చల్లటి నీళ్లలో క్లోరిన్ నెమ్మదిగా పని చేస్తుంది, సిస్టు పెంకుకు పది నిమిషాలు ఏ మూలకీ చాలవు. దీనిలాగే నీళ్లతో వ్యాపించే మరో పరాన్నజీవి క్రిప్టోస్పొరిడియం ఇంకా మొండిది. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో, శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లతోనే అది వ్యాపించి సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. నీళ్లు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే ఈ రెండూ చస్తాయి. 2,000 మీటర్ల కంటే ఎత్తులో ఉంటే మూడు నిమిషాలు మరిగించాలి. మా సంచిలో చిన్న స్టవ్ కూడా ఉంది. టీ కోసం తీసుకెళ్లాం.

టినిడజోల్ రాశారు. 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, తిన్న వెంటనే, ఒకేసారి. అంతే మందు. నాలుగు వారాల నరకానికి ఒక పూట మందా అని నమ్మబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమంతా నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టు చేదు, వికారం. రెండో రోజు రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోయాను. నాలుగో రోజు తేన్పుల వాసన పోయింది. అది పోయిందని గమనించిన క్షణంలో, వంటింట్లో నిలబడి ఏడ్చేశాను.

తర్వాత స్నేహితులు ముగ్గురికీ ఫోన్ చేశాను. ఇద్దరికి ఏమీ లేదు. ఈ జీవి కడుపులో ఉన్నా చాలామందికి ఏ లక్షణమూ కనబడదట. మూడో ఆమె "నాకేం లేదే" అని, కాసేపు మాట్లాడకుండా ఉండి, "నీకు తేన్పులు వచ్చేవా?" అని అడిగింది. నెల రోజులుగా దాచుకుంటోంది. నాకు జరిగిందంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఆమె కూడా చెప్పింది. మరుసటి వారం ఆమె రిపోర్టులోనూ జియార్డియా అనే వచ్చింది.

నాకు అన్నింటికంటే కష్టమనిపించింది బాబు విషయం. వాడికి ఐదేళ్లు. వాగు దగ్గరికి రాలేదు. అయినా నేను మందు వేసుకున్న వారానికి కడుపునొప్పి అన్నాడు, తర్వాత మోషన్స్ మొదలయ్యాయి. నా చేతుల నుంచే వాడికి వెళ్లి ఉండాలి. పక్కన పడుకోబెట్టుకోకుండా దూరం పెట్టాను గానీ, వాడికి అన్నం కలిపి పెట్టిన చేతులు నావే. బాత్రూం నుంచి వచ్చాక శానిటైజర్ రాసుకుంటే చాలనుకునేదాన్ని. సిస్టుల విషయంలో దాన్ని నమ్ముకోకూడదని, సబ్బు పెట్టి పారే నీళ్ల కింద బాగా రుద్ది కడగాలని డాక్టరు గారు చెప్పారు. పిల్లలకు ముందు నీరు తగ్గిపోకుండా చూడటం ముఖ్యమని ఓఆర్ఎస్ పట్టించమన్నారు. వాడు చెంచాతో అయితే తాగనన్నాడు. వాడికిష్టమైన చిన్న కప్పులో పోసి, గుక్కకో కథ చెప్పి పట్టించాను. వాడి బరువును బట్టి మందు ఇచ్చారు, తగ్గిపోయింది. వాడు మాత్రం "అమ్మా, మోషన్ ఇవాళ మునిగింది" అని వచ్చి చెప్పేవాడు, హాల్లో ఎవరున్నా సరే. నేను ఒక్కసారి కూడా వాణ్ని ఆపలేదు.

మందుతో ఆ జీవి పోయినా నేను వెంటనే మామూలు మనిషిని కాలేదు. పాలు తాగితే గంటలో కడుపు ఉబ్బి, మళ్లీ పాత రోజులు వచ్చినట్టుండేది. మందు పని చేయలేదేమోనని భయపడి మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. నెగెటివ్. పేగు లోపలి పొర దెబ్బతినడంతో పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ తగ్గుతుందని, పొర బాగుపడ్డాక చాలామందిలో అది తిరిగి వస్తుందని చెప్పారు. నీరసం కూడా వదల్లేదు. 2004లో నార్వేలోని బెర్గెన్‌లో తాగునీటి ద్వారా జియార్డియా వ్యాపించిన తర్వాత, కొంతమందికి పేగుల ఇబ్బంది, అలసట ఏళ్ల తరబడి ఉండిపోయాయట. అది చదివి మొదట బెంబేలెత్తాను. తర్వాత కొంచెం ధైర్యం కూడా వచ్చింది. మందు వేసుకున్నాక కూడా నీరసమంటే అది నా మనసు చేసే గారడీ కాదని తెలిసింది కదా.

ఇప్పటికి మందు వేసుకుని తొమ్మిది వారాలు. బరువు యాభై ఆరుకు వచ్చింది. మెట్ల పైన ఆగడం లేదు. నిన్న రాత్రి బాబు పక్కన పడుకోబోయే ముందు అరగ్లాసు పాలు తాగాను. తెల్లారేదాకా ఏమీ కాలేదు.